లేసు దుకాణంలో ఇద్దరు పంతులమ్మలు

మా అత్తగారింట్లో ఏ పనికైనా ఇద్దరు మనుషులుంటారు. పొద్దున పాలు ఒకాయన పోస్తే సాయంత్రం పాలు ఇంకొకాయన పోస్తాడు. జాకెట్లకు ఇద్దరు దర్జీలు, జ్వరాలకు ఇద్దరు డాక్టర్లు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదంతా చూసి వీళ్ళకు మనుషుల మీద బొత్తిగా నమ్మకం లేదేమో అనుకున్నాను. అది అపనమ్మకం కాదు, వ్యాపారం అని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

మా ఇల్లు యాకుత్‌పురాలో. రైలు కూత వినబడేంత దూరంలో బజారు వైపు మా దుకాణం. లేసులు, గుండీలు, జిప్పులు, అస్తరు బట్ట, చున్నీల అంచున వేలాడే జరీ కుచ్చులు అమ్ముతాం. మామగారి నాన్న పెట్టిన దుకాణం. మామగారికి లేసు తెచ్చిచ్చే టోకు వ్యాపారులు ఇద్దరున్నారు. ఒకాయన సోమవారం వస్తాడు, ఒకాయన గురువారం. ఈ దుకాణానికి సరుకిచ్చేది తానొక్కడినే అని ఇద్దరూ నమ్ముతారు. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ మా మెట్ల మీద ఎదురుపడింది లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మామగారి మొహం వెలిగిపోతుంది.

"ఒక్కని దగ్గరనే మాల్ తీస్కుంటే ఆడు చెప్పిందే రేటు. ఇద్దరుంటే ఇద్దరు మంచిగుంటరు. గని ఒకని సంగతి ఇంకొకనికి ఎరుక కావద్దు, గంతే" అంటాడాయన.

మా పాపకు లెక్కలు చెప్పేవాళ్ళను వెతికినప్పుడు కూడా ఆయన ఈ సూత్రమే బయటికి తీశాడు. ఆ కథ చెప్పే ముందు పాప గురించి ఒక మాట చెప్పాలి.

మాటలు వచ్చినప్పటి నుంచీ దానికొక అలవాటుంది. ఎవరేం చెప్పినా తలకెక్కకపోతే మొహం మీదే "అర్థం కాలే, మల్ల చెప్పు" అంటుంది. సిగ్గుపడదు. ఒకసారి మా ఇంటాయన తరఫు చుట్టమొకాయన వచ్చి, ఊరి బయట ప్లాటు కొన్నానని చాయ్ తాగుతూ గొప్పలు పోయాడు. ఇది ఆయన ఎదురుగా కూర్చుని "అర్థం కాలే, మల్ల చెప్పు" అంది. రెండోసారి చెప్పేసరికి అది ప్లాటు కాదు, ప్లాటుకు అడ్వాన్సుగా ఇచ్చిన బయానా అయింది. మూడోసారికి ఆ బయానా కూడా ఇంకా ఇవ్వలేదని తేలింది. ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచాడు. ఇల్లంతా నవ్వు.

నాకు మాత్రం నవ్వుకన్నా ఎక్కువ సంతోషం ఇంకోటి కలిగేది. నేను బడిలో తల ఊపే పిల్లను. టీచర్ "అర్థమైందా?" అంటే అందరికన్నా ముందు నా తలే ఊగేది, అర్థమైనా కాకపోయినా. నాకు చేతకానిది నా కూతురికి పుట్టుకతో వచ్చిందని లోపల మురిసిపోయేదాన్ని. దిష్టి తగులుతుందని పైకి అనేదాన్ని కాదు.

ఆరో తరగతికి వచ్చాక పాపకు భిన్నాలు మొదలయ్యాయి. పావు, ముప్పావు, ఒకటింబావు. లేసు దుకాణంలో పుట్టిన పిల్లకు నోటితో ఇవన్నీ వచ్చు. అవే కాగితం మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి, నడుమ గీత గీసుకుని కూర్చునేసరికి బెదిరిపోయింది. మార్కులు పడిపోయాయి. పేరెంట్స్ మీటింగులో లెక్కల మేడమ్ నన్ను ఆగమంది.

ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. ఉండేది సంతోష్‌నగర్‌లో, రోజూ బస్సులో వస్తుంది. ఎక్కువ మాట్లాడదు, నవ్వదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ చెప్పింది.

"పిల్ల మంచిదే అమ్మా. అడుగుతది. అడిగే పిల్లలు తక్కువ. సాయంత్రం బెల్ కొట్టినంక నేను కొందరిని అర్ధగంట కూసోబెట్టుకుంట. పైసలేం వద్దు. మీ పిల్లను గుడ ఉంచు. ఒక్కటే మాట, ట్యూషన్ పెట్టకు. నేనొక తీరు చెప్తే ఆడ ఇంకో తీరు చెప్తరు. పిల్ల నడుమల నలుగుతది. ఎండాకాలం సెలవుల దాంక నాకియ్యి."

ఆ మాట నాకు నచ్చింది. ఇంటికొచ్చి మా గల్లీలో చెబితే మాత్రం ఎవరికీ నచ్చలేదు. మా గల్లీలో ట్యూషన్‌కు పోని పిల్లను అన్నం తినని పిల్లను చూసినట్టు చూస్తారు. "స్కూల్‌ల ఏం చెప్తరమ్మా, ఊకె టైంపాస్. మన ఆపా ఉంది గదా" అని ఎదురింటి ఆవిడ నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయినంత పని చేసింది.

ఆపా అంటే అక్క. మా గల్లీలో పిల్లలందరికీ ఆమె ఆపానే, వాళ్ళ తల్లులకు కూడా ఆపానే. మా వెనక గల్లీలో మేడ మీద ఒక పెద్ద గది. సాయంత్రమైతే మెట్ల నిండా చిన్న చిన్న చెప్పులు. లోపల చాప మీద రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ కలిసే కూర్చుంటారు. ఒకడు ఎక్కాలు, ఒకతె ఇంగ్లీషు వ్యాసం, ఒకడు సైన్సు, అన్నీ పైకి చదవాల్సిందే. ఆమె చెవికి అందులో ఎవడి తప్పు వాడిది విడిగా వినబడుతుంది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు ఒక్క వాక్యంలోనే కలిపేసి మాట్లాడుతుంది. మా పాపను చూడగానే పక్కన కూర్చోబెట్టుకుని జడ సర్దింది.

"భాభీ, ఆప్ ఫికర్ నక్కో కరో, రంది పెట్టుకోకు. నెల దినాలల్ల లెక్కలు పరిగెత్తిస్త. లేకిన్ ఒక్క మాట. టీచర్ దగ్గర స్పెషల్ క్లాస్‌కు ఉండే పిల్లలను నేను తీసుకోను. రేపు పిల్లకు వచ్చిందనుకో, నేను చెప్తే వచ్చిందా, ఆమె చెప్తే వచ్చిందా, నాకెట్ల ఎరుకైతది?"

ఇద్దరూ ఒకే షరతు పెట్టారు. నేను వారం రోజులు ఎటూ తేల్చుకోలేక తిరిగాను. మేడమ్ పిల్లను పొద్దంతా చూస్తుంది, అది ఎక్కడ తడబడుతుందో ఆమెకు తెలుసు. కానీ ఆమె క్లాసులో పిల్లలు కిక్కిరిసి ఉంటారు, సాయంత్రానికి ఆమె గొంతు కూడా అలసిపోయి ఉంటుంది. ఆపా ఇంటి పక్కన, ప్రేమ గల మనిషి. కానీ ఆమెది పరుగు. ఏ పిల్లా ఒక మెట్టు దగ్గర ఆగి చూడడానికి వీల్లేదు. చివరికి నా మనసు మేడమ్ వైపే మొగ్గింది. ఆమె "అడిగే పిల్ల" అన్న మాట నన్ను పట్టుకుంది. రాత్రి భోజనాల దగ్గర అదే చెప్పాను.

మామగారు ముద్ద మింగి, ఇంత చిన్న విషయానికి వారం ఎందుకు పట్టిందన్నట్టు చూశాడు.

"ఇద్దరిని పెట్టు."

"ఇద్దరూ వద్దన్నరు గద మామయ్యా. షరతు పెట్టిండ్రు."

"షరతులు అందరు పెడ్తరు. మన లేసాయన పెట్టలేదా? ఈమె సంతోష్‌నగర్‌ల ఉంటది, ఆమె మన గల్లీల ఉంటది. ఇద్దరు యాడ కలుస్తరు? ఒకరిది స్కూల్ ఇడ్సినంక, ఇంకొకరిది చాయ్ తాగినంక. టైం గుడ ఒకదానికొకటి తల్గుతలేదు."

మా ఇంటాయన వైపు చూశాను. దండెం మీద చొక్కా గాలి ఎటు వీస్తే అటు ఊగుతుంది, తండ్రి ముందు మా ఆయన కూడా అంతే. "నాయన చెప్పింది గుడ కరెక్టే గదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మార్కుల భయం కూడా ఉంది గనక ఆ మంట కొంగులోనే దాచుకున్నాను.

మరుసటి రోజు మామగారు పాపను దుకాణం కౌంటర్ మీద కూర్చోబెట్టి స్వయంగా పాఠం చెప్పాడు. "మేడమ్ దగ్గర ఆపా ముచ్చట తియ్యద్దు. ఆపా దగ్గర మేడమ్ ముచ్చట తియ్యద్దు. మనం అబద్ధం చెప్తలేం బిడ్డా, ఉత్తగ చెప్పకుంట ఊకుంటున్నం అంతే. సమజైందా?"

అది తాత మొహంలోకి చూసింది. దాని పెదవులు కదిలాయి. ఇప్పుడంటుంది అనుకున్నాను, అర్థం కాలే మల్ల చెప్పు అని. అనలేదు. తల ఊపింది. అచ్చం నేను బడిలో ఊపినట్టే ఊపింది.

మార్కులు పెరిగాయి, అది ఒప్పుకోవాలి. ఒక పరీక్షలో కొంచెం, తర్వాతి పరీక్షలో మస్తుగా. మామగారు ఆ కాగితాన్ని దుకాణంలో గల్లాపెట్టె అద్దం కింద పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. మేడమ్ నాకు ఫోన్ చేసి, "చూసినవా అమ్మా, ట్యూషన్ లేకుండనే వచ్చింది" అంది. నేను "మీ దయ మేడమ్" అని ఫోన్ పెట్టేసి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆపా గల్లీలో ఎదురైతే "దేఖే భాభీ? స్కూల్‌ల ఏం చెప్తలేరు, అంతా ఈడనే" అంటూ వెళ్ళింది. ఆమెను చూసి ఒక నవ్వు నవ్వాను. నవ్వడమంటే పళ్ళు కనబడేలా నోరు తెరవడం, అంతే.

ఇద్దరి పద్ధతులూ వేరు. మేడమ్ ప్రతి లెక్కకూ బొమ్మ గీయమంటుంది. పట్టీ గీసి, ముక్కలు చేసి, ఏ ముక్క ఎంతో చూసి చెప్పాలి. ఆపా బొమ్మలు గీయనివ్వదు, నోటితో గడగడా చెప్పాలి. "కింద ఉన్నయి ఒకటి కాకుంటే పైన చెయ్యి పెట్టద్దు" అని ఆమె పాట పాడినట్టు చెబుతుంటే గల్లీ దాకా వినబడుతుంది. రెండూ మంచి పద్ధతులే. రెండూ తెలిసిన పిల్లకు లాభమే కావాలి.

కానీ ఇంట్లో పిల్ల మారుతూ వచ్చింది. మొదట గొడవలు తగ్గాయి, అడగడం తగ్గింది. మంచిపిల్ల అయిందని అందరూ అన్నారు. ఒక ఆదివారం నేను జాకెట్ చేతులకు లేసు కొలుస్తూ, "ఒక్కో చేతికి ముప్పావు అయితే రెండు చేతులకు ఎంతే?" అని అలవాటుగా అడిగాను. ఇదివరకైతే నా మాట పూర్తి కాకముందే "ఒకటిన్నర" అని అరిచేది. ఆ రోజు నా మొహం చూసి, మెల్లగా అంది.

"మేడమ్ తీరుగ చెప్పాల్నా, ఆపా తీరుగ చెప్పాల్నా?"

"నీ తీరుగ చెప్పు."

అది నిజంగా ఆలోచించింది. చాలాసేపు ఆలోచించి, "నీకేది కావాలె అమ్మా?" అంది.

దుకాణంలో కొనడానికి వచ్చిన గిరాకీని మేం అడిగే మాట అది. పసుపు కావాలా, గులాబీ కావాలా, వెడల్పుదా, సన్నదా, మీకేది కావాలె. నా బిడ్డ నన్ను గిరాకీని చేసింది. కత్తెర కింద పెట్టేశాను. ఆ రాత్రి మా ఇంటాయనతో చెబితే, "తెలివి పెరిగింది గదనే" అన్నాడు. తెలివి పెరిగిందో, పిల్ల తరిగిందో అర్థం చేసుకునే ఓపిక ఆయనకు లేదు. నేను అటు తిరిగి పడుకున్నాను.

రంజాన్ ముందు మా బజారులో కాలు పెట్టడానికి చోటుండదు. చున్నీలకు అంచులు, పిల్లల గౌన్లకు కుచ్చులు అంటూ గిరాకీ తోసుకుంటూ వస్తారు. ఇంటిల్లిపాదీ దుకాణంలోనే ఉంటాం. ఆ ఆదివారం పాప కూడా కౌంటర్ దగ్గర లేసు కొలిచి ఇస్తోంది. కౌంటర్ అంచున ఇత్తడి మీటరు పట్టీ కొట్టి ఉంటుంది, దాని మీద లేసు పరిచి లాగుతూ కొలవడం దానికి మహా ఇష్టం.

సాయంత్రం అస్ర్ నమాజు అయినాక ఆపా వచ్చింది. ఆమె మా పాత గిరాకీయే, అందులో వింత లేదు. "అరే, మేరీ బచ్చీ!" అని పాప బుగ్గ గిల్లి, చున్నీకి తెల్ల లేసు తియ్యమంది. ఆమె రంగులు చూస్తుండగా, జనాన్ని తప్పించుకుంటూ, చేతిలో పెద్ద సంచితో ఇంకొకావిడ మెట్లెక్కింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

మేడమ్.

బడి వార్షికోత్సవంలో పిల్లల డాన్సు బట్టలకు లేసు కావాలట. ఆ పని ఆమె మీద పడిందట. "మా తాత దుకాణంల మంచి లేసు దొరుకుతది మేడమ్" అని చెప్పింది ఎవరో కాదు, మా పాపే. అందుకే పనిగట్టుకుని సంతోష్‌నగర్ నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది.

నేను మామగారి వైపు చూశాను. ఇన్నేళ్ళు ఇద్దరు వ్యాపారులను ఒక మెట్టు మీద కలవనివ్వని మనిషి. పంతులమ్మలు కూడా లేసు కొంటారన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. నోరు తెరిచి మూసి, "రాండ్రి రాండ్రి మేడమ్, కూసోండ్రి" అంటూ ఉన్న ఒక్క స్టూలు తీసుకెళ్ళి ఆపాకు దూరంగా, ఆ మూలన వేశాడు. మేడమ్ కూర్చోలేదు. నేరుగా కౌంటర్ దగ్గరికే వచ్చి పాప తల మీద చెయ్యి పెట్టింది.

"నా స్టూడెంట్ ఈడుందే!"

ఆపా తల తిప్పి నవ్వింది. "ఆప్ స్కూల్ టీచరా? మస్తు తెలివిగల పిల్ల" అంది. నా దగ్గరనే చదువుతది అని కూడా అనబోయి, మళ్ళీ చున్నీ ధ్యాసలో పడి పాపను అడిగింది. "బేటా, పొడుగు రెండుంబావు. వెడల్పు ముప్పావు. నాలుగు దిక్కులకు ఎంత పడ్తది, జల్దీ బోలో."

మేడమ్ కూడా పాప వైపే చూస్తోంది. ఆమె మొహంలో ఎప్పుడూ కనబడని చిన్న గర్వం కనబడింది. చెబుతుంది, నా పిల్ల, అన్నట్టు.

పాప ఆపాను చూసింది. మేడమ్‌ను చూసింది. గడగడా చెబితే ట్యూషన్ సంగతి మేడమ్‌కు తెలుస్తుంది, బొమ్మ గీస్తే స్పెషల్ క్లాస్ సంగతి ఆపాకు తెలుస్తుంది. ఎర్రబడిన మొహంతో అంది.

"నాకు తెల్వదు."

నేను దాని చేతుల వైపు చూశాను. ఇత్తడి పట్టీ మీద లేసు అప్పటికే ఆరు మీటర్లు లాగి, ఆరో మీటరు ముగిసిన చోట బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకుంది. లెక్క సరిగ్గా ఆరే. దానికి తెలుసు. నేనెరిగినంతలో అది ఏనాడూ తెలియని దాన్ని తెలుసనలేదు, తెలిసిన దాన్ని తెలియదనలేదు. మొదటిసారి మా దుకాణంలో, మా ముందు, మా కోసం అబద్ధమాడింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఇద్దరు పంతులమ్మలకూ ఒక్కసారే పౌరుషం వచ్చింది. మేడమ్ గబగబా ఒక అట్టముక్క అందుకుని, "ఇట్ల పట్టీ గియ్యి, నిన్న బెల్ కొట్టినంక చేసినం గదా" అంది. ఆపా "నక్కో నక్కో, నోటితోని చెప్పు, కింద ఉన్నయి ఒకటి కాకుంటే?" అంది. ఇద్దరూ ఆగిపోయారు. ఒకరినొకరు చూసుకున్నారు. పాప చేతిలోంచి లేసు జారి కుప్పగా కింద పడింది.

"చాయ్ చెప్తున్న" అన్నాడు మామగారు. దుకాణంలో ఏ లొల్లి వచ్చినా ఆయన మందు అదే. మేడమ్ ఎంచుకున్న లేసు కట్టను తిరిగి పెట్టేసి, "తర్వాత వస్త" అని మెట్లు దిగింది. ఆపా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "చెప్పరాదా భాభీ, నేనేమన్న పరాయిదాన్నా" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గిరాకీ తగ్గాక మామగారు గల్లా సర్దుతూ, వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడేమో, "పోనీ, ఇప్పుడు ఇద్దరికి ఎరుకైంది గద, ఇద్దరు ఇంకింత మంచిగ చెప్తరు" అన్నాడు. నాకు పట్టలేని కోపం వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ముందు గొంతెత్తని దాన్ని, ఆ రోజు ఎత్తాను.

"అది లేసు కట్ట కాదు మామయ్యా. పిల్ల. మనం ఇద్దరిని పెట్టుకుంటే వాళ్ళు మంచిగున్నరేమో గని, మన పిల్లనే మంచిగుంటలేదు."

ఆయన గల్లాపెట్టె మూసి తాళం వేశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ వేశాడు.

సోమవారం బడికి వెళ్ళాను. మేడమ్ స్టాఫ్ రూమ్ బయట వరండాలో నిలబడి మాట్లాడింది. కోపంగా లేదు, అదే నాకు కష్టమైంది.

"ట్యూషన్ పెట్టినందుకు నాకు కోపం లేదమ్మా. అందరు పెడ్తరు. కానీ ఇన్ని దినాలు నేను బోర్డు మీద చెప్తుంటే మీ పిల్ల మొదలు అర్థం కానట్టు చూసేది, తర్వాత అర్థమైనట్టు నవ్వేది. నేనే చెప్పిన, నాతోనే వచ్చింది అనుకుని ఖుషీ అయిన. నన్ను ఖుషీ చెయ్యనీకె అట్ల చేసింది. పదకొండేండ్ల పిల్ల."

అక్కడి నుంచి నేరుగా ఆపా మేడ మెట్లెక్కాను. పిల్లలు ఇంకా రాలేదు, చాప చుట్టి ఉంది. ఆమె చెప్పిందీ దాదాపు అదే. మా పాప ఆమె దగ్గర ప్రతి రోజూ ఒక లెక్క కావాలని తప్పు చేసేదట. దిద్దించుకుని "అచ్ఛా ఆపా!" అనేదట. ఆమెకు కొన్నాళ్ళుగా అనుమానం ఉందట గానీ, "అంత చిన్న పిల్ల అంత పెద్ద ఆలోచన చేస్తదని ఎవరనుకుంటరు?" అంది.

ఇద్దరినీ బాధపెట్టకుండా ఉండడానికి నా బిడ్డ రోజూ రెండు చోట్ల తనను తాను తగ్గించుకుని కూర్చుంది. ఎవరి దగ్గరా ఒక్క నిజమైన "అర్థం కాలే" అనలేదు. అంటే ఎవరి గుట్టు బయటపడుతుందో దానికి తెలియదు మరి. ఆపా చాప మీద కూర్చుని ఏడ్చాను. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇక ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదు. ఎవరు బాగా చెబుతారన్న ప్రశ్నే నాకు అప్పుడు లేదు. ఇద్దరూ బాగానే చెబుతారు. ఎవరి దగ్గర ఈ పిల్ల మళ్ళీ నిజంగా అడుగుతుందన్నదొక్కటే ప్రశ్న. పాపనే అడిగాను, "నీకు ఎవరు కావాలె?" అని. అది వెంటనే "నీకు ఎవరు కావాలె?" అంది. ఆ మాట మీదే నిర్ణయం చేశాను. ఇది పిల్ల నెత్తిన పెట్టే బరువు కాదు. మేడమ్ దగ్గరే ఉంటుంది, ఆమె పొద్దంతా కళ్ళ ముందు ఉంచుకునే మనిషి, దాని అడగడాన్ని మొదట గుర్తుపట్టిన మనిషి. ఆపాతో ఆ మాట నేనే, ఆమె మెట్ల మీదే నిలబడి చెప్పాను. మా ఇంటాయనను పంపలేదు, ఫోన్‌లో మెసేజ్ పెట్టలేదు.

ఆపా మెట్ల మీది చెప్పులను కాలితో పక్కకు జరిపింది. "మొదటి దినమే చెప్తే నేనే పంపేదాన్ని గద భాభీ" అంది. ఆ రంజాన్‌కు ఆమె మిగతా లేసంతా మా ఎదురు దుకాణంలో కొన్నది. మామగారు అటు చూడకుండా రోజంతా గుండీలు రంగుల వారీగా సర్దుతూ కూర్చున్నాడు. పాప రెండు రోజులు సరిగా తినలేదు. దానికి ఆపా ఇల్లంటే ప్రాణం. ఆ చాప, ఆ గోల, చిన్నపిల్లలు దాని ఒళ్ళో పడి నిద్రపోవడం. ఒకరిని ఎంచుకోవడమంటే ఇంకొకరిని పోగొట్టుకోవడమని తెలిసి కూడా చేశాను.

పండగ రోజు ఆపా వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా పాయసం వచ్చింది, ఎప్పట్లాగే. గిన్నె తెచ్చిన పిల్లతో, ట్యూషన్‌కు కాకున్నా ఆడుకోవడానికి రమ్మని చెప్పి పంపింది. పాప చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

మేడమ్ దగ్గర మాత్రం వెంటనే ఏమీ మారలేదు. అడిగితే పాప తల ఊపేది, అర్థమైందనేది. "జర టైం పడ్తదమ్మా, తొందరపడకు" అనేది మేడమ్. సెలవులు వచ్చాయి, పోయాయి. ఏడో తరగతి మొదలైంది. నేను రోజూ సాయంత్రం దాని మొహం చూసేదాన్ని, ఆ పాత మాట కోసం. ఒకసారి పోయిన మాట మళ్ళీ రాదేమోనన్న భయం నన్ను వదల్లేదు. పిల్లకు జ్వరమొస్తే చెయ్యి వేసి చూస్తాం. దీనికి ఎక్కడ చెయ్యి వేసి చూడాలి?

మొన్న ఒక సాయంత్రం దుకాణంలో ముగ్గురమే ఉన్నాం. నేను అస్తరు బట్ట మడతపెడుతున్నాను. పాప లేసు చుట్టలు చుడుతోంది. బయట వాన. మర్నాడు గురువారం, లేసాయన వచ్చే రోజు. మామగారు అలవాటు చొప్పున కౌంటర్ కింద ఉన్న సోమవారం కట్టలను లోపలి గదిలోకి జరుపుతూ పాపతో అన్నాడు.

"రేపు ఆయన వస్తడు బిడ్డా. సోమవారమాయన మాల్ సంగతి ఆయన ముందట తియ్యద్దు. మనం అబద్ధం చెప్తలేం, ఉత్తగ చెప్పకుంట ఊకుంటున్నం అంతే. సమజైందా?"

లేసు చుట్ట చేతిలో తిరగడం ఆగింది. పాప తాత మొహంలోకి నేరుగా చూసింది.

"అర్థం కాలే తాతా. మల్ల చెప్పు."

నా చేతిలో బట్ట అక్కడే ఆగిపోయింది. మామగారు నా వైపు చూశాడు, సాయం చేయమన్నట్టు. నేను చేయలేదు.

"చెప్పుండ్రి మామయ్యా. అడుగుతది గదా" అన్నాను.

ఆయన కట్టను కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "అంటే ఏందంటే బిడ్డా, మన దగ్గర ఇద్దరున్నరు గదా..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగాడు. పాప కళ్ళార్పకుండా ఎదురుచూస్తోంది.